శ్రవణానికి అనువుగా ఇంటి స్టీరియో: అమర్చుకునే విధానం



నవవిధ భక్తులలో శ్రవణానిది మొదటి స్థానం. కీర్తనం, స్మరణం మొదలైనవన్నీ దాని తరువాతనే వస్తాయి. చెవికి అందనిది నోటికి రాదు. నోటికి రానిది మనస్సులో నిలువదు. పూర్వం ఈ శ్రవణం గురుముఖంగానో, పురాణ కాలక్షేపంలోనో, దేవాలయ మండపంలోనో జరిగేది. తరువాత ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని కార్యక్రమం ద్వారా దానిని ఇంటింటికీ తెచ్చింది. 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల వారు గానం చేసిన భగవద్గీత మొదట గ్రామఫోను రికార్డులుగా, తరువాత క్యాసెట్లుగా మన ఇండ్లకు చేరినవి. ఇప్పుడు అవన్నీ అరచేతిలోని ఫోనులోనే ఉన్నాయి.

మా ప్యాపిలి హైదరాబాదు నుండి బెంగళూరు వెళ్లే దారిలోని ఊరు. ఆ నగరాలలో ఉద్యోగాలు చేసే పిల్లలు పండుగలకు వచ్చేటప్పుడు తల్లిదండ్రుల కొరకు చిన్న స్టీరియో సెట్లు తెస్తున్నారు. తీగలు తగిలించి, రెండు పాటలు వినిపించి, మరునాడే బస్సెక్కుతారు. ఆ తరువాత, "సెట్టు బాగా మోగుతున్నది గాని మాట తెలియడం లేదు" అని పెద్దలు చెప్పగా నేను అనేక ఇండ్లలో విన్నాను. వెళ్లి చూస్తే యంత్రం బాగానే ఉంటుంది. దానిని ఉంచిన చోటు సరిగా ఉండదు. బడిలో పిల్లలకు ఏండ్ల తరబడి ఉచ్చారణ నేర్పిన నాకు ఇది చిన్న విషయంగా తోచలేదు. కాబట్టి తెలిసినంత వరకు వివరిస్తున్నాను.

అక్షరం ఎక్కడ పోతున్నది?

"సకలం" అంటే సమస్తం. "శకలం" అంటే ముక్క. "స్వజనం" అంటే తనవారు. "శ్వజనం" అంటే కుక్కలు. అర్థంలో ఇంత భేదం ఒక్క ఊష్మాక్షరం మీద నిలిచి ఉన్నది. ధ్వనిలో సెకనుకు కలిగే కంపనాల సంఖ్యను హెర్ట్జులలో లెక్కిస్తారు. మాట్లాడే పురుషుని గొంతు మూలధ్వని సుమారు 100 హెర్ట్జులు, స్త్రీ గొంతు సుమారు 200 హెర్ట్జులు ఉంటుంది. శ, ష, స అనే అక్షరాల బలం మాత్రం చాలవరకు 2000, 3000 హెర్ట్జులకు పైననే ఉంటుంది. క్రిందిస్థాయి ధ్వనులు అడ్డం వచ్చిన వస్తువును చుట్టుకొని ముందుకు పోగలవు. పైస్థాయి ధ్వనులు తిన్నగా పోతాయి. తెర గాని, బీరువా గాని అడ్డం వస్తే అక్కడనే ఆగిపోతాయి. అందువలన తెర వెనుక ఉంచిన స్పీకరు నుండి గంభీరమైన మోత వస్తుంది గాని అక్షరం రాదు. వార్ధక్యంలో చెవి మొదట కోల్పోయేది కూడా ఈ పైస్థాయి ధ్వనులనే. అప్పుడు శబ్దం ఎంత పెంచినా మోత పెరుగుతుందే తప్ప మాట స్పష్టం కాదు.

మంచి పాఠకునికి ఉండవలసిన గుణాలలో అక్షరవ్యక్తిని, పదచ్ఛేదాన్ని పాణినీయ శిక్ష పేర్కొన్నది. అక్షరం స్పష్టంగా పలకడం, పదాన్ని పదంగా విడదీసి పలకడం అని వాటి భావం. గాయకుడు ఆ రెండింటినీ శ్రద్ధగా పాటించి పాడినాడు. అవి మన చెవి దాకా చెడకుండా చేరేటట్లు చూడడమే సెట్టును అమర్చడంలోని పరమార్థం.

స్టీరియో అంటే ఏమిటి?

ఈ మాట గ్రీకు భాష నుండి వచ్చినది. అక్కడ దానికి ఘనమైనది అని అర్థం. బొమ్మకు పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి. విగ్రహానికి లోతు కూడా ఉంటుంది. ధ్వనికి అటువంటి ఘనత్వాన్ని ఇచ్చే పద్ధతికి ఇంగ్లండుకు చెందిన అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు 1931లో పేటెంటు కోరినాడు. 1950ల చివరలో స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చినవి.

దీని మర్మం మన రెండు చెవులలోనే ఉన్నది. కుడివైపు నుండి వచ్చే ధ్వని కుడిచెవికి ముందు, ఎడమచెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యవ వంతు కంటె తక్కువ. అంతమాత్రానికే ధ్వని ఏ దిక్కు నుండి వస్తున్నదో మనకు తెలిసిపోతుంది. రెండు స్పీకర్ల మధ్య తగిన ఎడం ఉంటే వీణ ఒకవైపున, మృదంగం మరొకవైపున, గాత్రం నడుమ ఉన్నట్లు వినవచ్చు. అలంకారానికన్నట్లు రెండింటినీ సెట్టుకు ఇరువైపులా అంటించి ఉంచితే ఆ ప్రయోజనం పోతుంది.

కొనేటప్పుడు

పెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని వేలలో కనిపించే వాట్ల లెక్కను చూసి మోసపోవద్దు. ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన సంఖ్యయే నిజమైన సామర్థ్యం. 12 అడుగులకు 15 అడుగుల గదికి ఒక్కొక్క స్పీకరుకు 10 నుండి 20 వాట్లు ధారాళంగా సరిపోతాయి. స్పీకర్లను మార్చవలసి వస్తే వాటి మీద వ్రాసిన ఓముల సంఖ్య, సెట్టు వెనుక సూచించిన సంఖ్య కంటె తక్కువ కాకుండా చూసుకోవాలి. తక్కువైతే సెట్టు వేడెక్కి చెడిపోయే ప్రమాదం ఉన్నది.

ఉంచవలసిన చోటు

రెండు స్పీకర్ల మధ్య 5 లేక 6 అడుగుల ఎడం ఉండాలి. మీరు కూర్చునే చోటు రెండింటికీ అంతే దూరంలో, నడుమ ఉండాలి. అనగా మూడు భుజాలూ సమానమైన త్రిభుజం ఏర్పడాలి. స్పీకర్ల ముఖాలను కొంచెం మీ వైపు త్రిప్పండి. పై స్వరాలను పలికే చిన్న స్పీకరు మీ చెవి ఎత్తులో ఉండాలి. చాప మీద కూర్చొని వినేవారు రెండు పొట్టి స్టూళ్ల మీద, కుర్చీలో కూర్చొని వినేవారు బల్ల మీద వాటిని ఉంచుకోవచ్చు. వెనుక గోడకు ఒక అడుగైనా ఎడం ఉంచండి. గది మూలలో పెడితే మోత అనవసరంగా పెరిగి అక్షరాన్ని కప్పివేస్తుంది.

మన ప్రాంతపు ఇండ్లలో నేలకు బేతంచెర్ల బండలు పరవడం వాడుక. చల్లగా, శుభ్రంగా ఉంటాయి గాని ధ్వనిని తిప్పికొడతాయి. పడసాలలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగక గింగురుమంటే మాట స్పష్టత తగ్గుతుందని తెలుసుకోండి. స్పీకర్లకు, మీకు నడుమ నేల మీద ఒక కంబళి గాని జంపఖానా గాని పరచండి. ఎదుటి గోడకు పుస్తకాల అలమర ఉన్నా, మందపాటి తెర ఉన్నా మేలు.

సెట్టును దేవుని గూటిలో మాత్రం ఉంచవద్దు. దీపపు వేడి, కర్పూరపు మసి, అగరువత్తుల పొగ, నూనె జిడ్డు యంత్రానికి హాని చేస్తాయి. స్పీకరు ముందుండే గుడ్డకు దీపం అంటుకునే భయం కూడా ఉన్నది. సెట్టు మీద నీటి పాత్రలను, పూలను ఉంచవద్దు. గాలి ఆడే రంధ్రాలను గుడ్డతో కప్పవద్దు.

తీగలు, విద్యుత్తు

ముందుగా స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయండి. ప్రతి స్పీకరుకు రెండు తీగలు ఉంటాయి. ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలపాలి. ఒక స్పీకరుకు మాత్రమే తారుమారైతే ఒకటి గాలిని ముందుకు నెట్టే సమయంలో మరొకటి వెనుకకు లాగుతుంది. అప్పుడు మృదంగనాదం పలుచబడుతుంది. గొంతు ఎక్కడి నుండి వస్తున్నదో తెలియదు. దీనికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. పాత ధ్వనిముద్రణలలో చాలవరకు రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తుంది. అటువంటి దానిని పెట్టి, త్రిభుజపు కొనలో కూర్చొని కళ్లు మూసుకోండి. రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట గాయకుడు కూర్చొని పాడుతున్నట్లు తోచాలి. అలా తోచకపోతే ఒక్క స్పీకరు తీగలను మాత్రం తారుమారు చేసి మళ్లీ వినండి.

ఎర్తు ఉన్న మూడు కాళ్ల ప్లగ్గును వాడండి. తడిచేతులతో తాకవద్దు. ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గు తీసివేయడం క్షేమం.

మీటలు, ఫోను, పెన్‌డ్రైవు

బాస్ బూస్టు మీటను ఆపివేయండి. రాక్, పాప్ అనే అమరికలు స్తోత్రాలకు పనికిరావు. ఫ్లాట్ అనేదానిని ఎంచుకోండి. వృద్ధుల కొరకు ట్రెబులును ఒకటి రెండు మెట్లు పెంచవచ్చు.

బ్లూటూతు సుమారు 10 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఫోనులో శబ్దం ఎక్కువగా ఉంచి, సెట్టు మీటతో తగ్గించుకుంటే ధ్వని శుభ్రంగా ఉంటుంది. పూజామధ్యంలో ఫోను గంట స్పీకర్లలో మోగకుండా ముందే దానిని మౌనంలో ఉంచండి. పెన్‌డ్రైవును వాడేవారు పాటల పేర్లకు ముందు 01, 02 అని వరుస సంఖ్యలు చేర్చుకుంటే క్రమం తప్పదు. ఎం.పి.3 రూపంలో ఉన్న పాటలు 128 కె.బి.పి.ఎస్. కంటె తక్కువ కాకుండా చూడండి. అంతకన్నా కుదిస్తే మొదట చెడేది పైన చెప్పిన ఊష్మాక్షరాలే.

ఎంత శబ్దం?

మా వీధిలో ఎనభై దాటిన ఒక పెద్దమ్మ భగవద్గీత వినడం మానుకున్నది. స్పీకర్లు రెండూ ఇనుప బీరువా మీద, పైకప్పుకు దగ్గరగా ఉండేవి. ఒకదాని తీగలు తారుమారైనాయి. వాటిని దించి, ఆమె మంచానికి 4 అడుగుల దూరంలో రెండు స్టూళ్ల మీద ఉంచి, తీగలు సరిచేసి, శబ్దాన్ని మునుపటికి సగం చేసినాము. కొంతసేపటికి ఆమె పెదవులు కూడా కదలసాగినవి. "అయ్యవారూ, నా చెవులే పోయినాయనుకుంటి గదా!" అన్నది.

ఇందులో వింత లేదు. ఆరుబయట దూరం సగమైతే ధ్వని 6 డెసిబెల్లులు పెరుగుతుంది. గదిలో అంత కాకపోయినా, దగ్గరగా ఉన్నప్పుడు గోడల ప్రతిధ్వని కంటె అసలు మాట ముందుగా, బలంగా అందుతుంది. కాబట్టి పెద్దలకు వినబడనప్పుడు శబ్దం పెంచే ముందు స్పీకరును దగ్గరకు జరపండి. అప్పటికీ మాట తెలియకపోతే చెవుల వైద్యునికి చూపించండి.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే బ్రాహ్మీముహూర్తం మనకు సుప్రభాత సమయమే అయినా చట్టం దృష్టిలో రాత్రియే. ప్రక్క ఇంటిలో రోగి ఉండవచ్చు, పరీక్షకు చదివే విద్యార్థి ఉండవచ్చు, రాత్రి పని చేసి వచ్చి అప్పుడే పడుకున్నవారు ఉండవచ్చు. సెట్టు పెట్టి వీధిలోకి వచ్చి నిలబడండి. మాటలు అక్కడికి వినబడితే తగ్గించండి. భగవంతునికి మన నిశ్శబ్దం కూడా వినబడుతుంది.

వినే పద్ధతి

పిల్లలకు స్తోత్రం నేర్పేవారు శ్లోకంలో సగం వినిపించి, ఆపి, వారిచేత రెండుసార్లు పలికించండి. ఆ తరువాతనే మిగిలిన సగం. అయితే ఒక సంగతి మరువవద్దు. సెట్టు పలుకుతుంది గాని మన పలుకును వినదు. పిల్లవాడు సకలాన్ని శకలంగా పలికితే అది దిద్దలేదు. నేర్చిన దానిని వారానికి ఒక్కసారైనా తెలిసినవారి ఎదుట అప్పజెప్పించాలి. ఉదాత్తానుదాత్త స్వరాలతో కూడిన వేదమంత్రాలకు గురుముఖం తప్పనిసరి; ధ్వనిముద్రణ మననానికి మాత్రమే తోడు.

రోజంతా ఏదో మోగుతూ ఉండడం కంటె, దీపం పెట్టిన తరువాత అరగంట ఇంటిల్లిపాదీ ఆ త్రిభుజంలో కూర్చొని వినడం మేలు. వచ్చే సెలవులలో పిల్లలు ఊరికి వచ్చినప్పుడు ఈ వ్యాసాన్ని వారి చేతికిచ్చి, స్పీకర్లను సరిచేయించుకొని, వారిని కూడా ఆ అరగంట మీ ప్రక్కన కూర్చోబెట్టుకోండి.

స్వస్తి.