కొండ అందాలు సరే... నిర్వహణ ఎవరిది?

వికారాబాద్: అనంతగిరి కొండల పచ్చదనం, చల్లని గాలి నగరవాసులను విశేషంగా ఆకర్షిస్తున్నాయి. మూసీ నదికి జన్మస్థానమైన ఈ అడవిలోని స్వచ్ఛమైన గాలి కారణంగానే పూర్వం ఇక్కడ క్షయ రోగులకు ఆస్పత్రి నెలకొల్పారు. హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్ల దూరమే కావడంతో పదవీ విరమణ చేసినవారు, వారాంతపు విడిది కోరుకునేవారు పరిసర గ్రామాల లేఅవుట్లలో ఇళ్లు నిర్మించుకుంటున్నారు. అయితే గృహప్రవేశం ముగిశాకే అసలు సమస్య మొదలవుతుంది. వీధి దీపం వెలగకున్నా, బోరు మోటారు కాలిపోయినా ఎవరిని అడగాలి?

సంఘమే ఆధారం

స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా)-2016 ఇందుకు సమాధానం చెబుతోంది. యజమానుల సంఘం బాధ్యత స్వీకరించే వరకు స్థలాలు విక్రయించిన సంస్థే సముచిత రుసుముతో అత్యావశ్యక సేవలు అందించాలి. స్థానిక చట్టాలు లేనిచోట, సగానికి మించి ప్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా సంఘం ఏర్పాటుకు వీలు కల్పించాలి. సంఘం ఏర్పాటులో పాలుపంచుకోవడం కొనుగోలుదారుల విధి కూడా. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం-2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేసుకోవచ్చు.

చందాల వద్దే చిక్కు

ఇటువంటి కాలనీలలో కొందరు నిత్యం నివసిస్తారు, మరికొందరు సెలవులకే వస్తారు. 'మేముండనప్పుడు నెలనెలా రుసుము ఎందుకు చెల్లించాలి?' అన్న వాదన ఇక్కడే తలెత్తుతుంది. అయితే ఇంటికి తాళం వేసి ఉన్నా కాపలాదారు జీతం, దీపాల బిల్లు ఆగవు. ఆ భారమంతా స్థిర నివాసులపై, ముఖ్యంగా వృద్ధులపై పడుతుంది. జమాఖర్చులను ఏటా సర్వసభ్య సమావేశం ముందుంచితే అనుమానాలకు తావుండదు.

నీటితోనే మనుగడ

ఇంటికొక బోరు వేస్తే అందరి బోర్లూ ఎండే ప్రమాదముంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా)-2002 ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడంపై నియంత్రణ ఉంది. ఉమ్మడి బోరు, ట్యాంకు, వేళల ప్రకారం సరఫరా, ప్రతి ఇంటా ఇంకుడు గుంత ఉంటే వేసవి గడుస్తుంది.

పంచాయతీకి ప్రత్యామ్నాయం కాదు

సంఘం ఉన్నంత మాత్రాన కాలనీ గ్రామానికి వేరు కాదు. ఇంటి పన్ను పంచాయతీకి చెల్లించవలసిందే. అనుమతి పొందిన లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా వదిలిన 10 శాతం స్థానిక సంస్థకు చెందుతుంది. కొండపై నుంచి చెరువుకు వచ్చే వాగుకు, పశువులు మేతకు వెళ్లే బాటకు ప్రహరీ అడ్డుపడితే ఊరితో వైరం తప్పదు.

కొనేముందు లేఅవుట్ అనుమతి, రెరా నమోదు సంఖ్య, నీటి వసతి, సంఘం నియమావళి పరిశీలించుకోవాలి. అనుమతి లేని వ్యవసాయ భూమిని ముక్కలుగా కొన్నవారికి ఇంటి నిర్మాణ అనుమతి దక్కడం కష్టమని గుర్తెరగాలి. కొండను చూసి స్థలం కొన్నవారు ఆ కొండ నీటిని, దారిని కాపాడుకున్నప్పుడే అక్కడి నివాసం ఆహ్లాదకరమవుతుంది.