శుభ్రం చేసిన నేలకు షరతులెందుకు?

ఆరాంఘర్ చౌరస్తా నుంచి ఒక దారి శంషాబాద్ విమానాశ్రయం వైపు పోతుంది. చాంద్రాయణగుట్ట వైపు తిరిగితే కొద్ది దూరంలోనే కాటేదాన్ పారిశ్రామికవాడ వస్తుంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2002, 2003 సంవత్సరాలలో వానలకు ముందూ తరువాతా ఇక్కడి మట్టిని సేకరించి ఎక్స్-కిరణాలతో పరీక్షించారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. బ్యాటరీలు, అద్దకం, లోహపు పూత, వంటనూనెలు వంటి సుమారు 300 పరిశ్రమలున్న ఆ వాడ మట్టిలో సీసం, ఆర్సెనిక్, జింకు మితిమీరి కనిపించాయి. వ్యర్థాలను రోడ్ల పక్కన, ఖాళీ జాగాల్లో పోయడమే ఇందుకు ముఖ్య కారణమని వారు భావించారు.

ఆకు రాలితే కుళ్ళి మట్టిలో కలుస్తుంది. సీసం అలా కాదు. అది మూలకం. సూక్ష్మజీవులు దాన్ని తినలేవు, నిప్పు దాన్ని మాయం చేయలేదు. పోసినవాళ్ళు వెళ్ళిపోయినా అది అక్కడే ఉంటుంది. మట్టిలో ఆడి, చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు దీనివల్ల ప్రమాదం ఎక్కువ. లోపలికి పోయిన సీసంలో పెద్దల శరీరం పీల్చుకునే దానికంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పిల్లల శరీరం పీల్చుకోగలదు. అది మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది.

అయితే మట్టిని శుభ్రం చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చేయవచ్చు. కానీ ఎంత శుభ్రం? కాటేదాన్ ఫలితాలను శాస్త్రజ్ఞులు కెనడా దేశపు ప్రమాణాలతో పోల్చి చూశారు. ఆ ప్రమాణాల ప్రకారం కిలో మట్టిలో సీసం పొలానికైతే 70 మిల్లీగ్రాములు, ఇళ్ళకూ పార్కులకూ 140, దుకాణాలకు 260, పరిశ్రమలకు 600 మించకూడదు. ఒకే సీసానికి నాలుగు హద్దులెందుకు? కార్ఖానాలో మనిషి చెప్పులేసుకుని సిమెంటు నేల మీద ఎనిమిది గంటలు పనిచేస్తాడు. ఇంటి పెరట్లో పిల్లవాడు రోజంతా మట్టిలోనే ఉంటాడు. పొలంలో పండింది మన పళ్ళెంలోకే వస్తుంది.

ఒక చోట కిలోకు 3,000 మిల్లీగ్రాముల సీసం ఉందనుకోండి. పైమట్టి తీసేసి దాన్ని 500కు దించారు. అది కార్ఖానాకు సరిపోయింది, బడికి సరిపోలేదు! కాబట్టి "శుభ్రమైంది" అని ఎవరైనా అంటే "దేనికి?" అని అడగాలి. ఆ జవాబే ఆ భూమికి షరతు అవుతుంది.

విషం మరీ లోతుగా ఉంటే తవ్వకుండా పైన బంకమట్టి, ప్లాస్టిక్ పొరలు పరచి, వాటి మీద మంచి మట్టి కప్పుతారు. అప్పుడు షరతులు ఇంకా కఠినంగా ఉంటాయి. సెల్లారు తవ్వకూడదు, లోతుగా వేళ్ళు దిగే చెట్లు నాటకూడదు. బోరు అసలే వేయకూడదు. బోరు ఆ పొరకు చిల్లు పెడుతుంది. అంతే కాదు, నీరు తోడేకొద్దీ బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. పక్కనున్న కలుషిత జలం ఆ గరాటులోకి జారివస్తుంది.

షరతు రాసి పెట్టినంత మాత్రాన చాలదని తెలియడానికి అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణానికి వెళ్దాం. అక్కడ 'లవ్ కెనాల్' అనే పాడుబడిన కాలువలో ఒక రసాయన సంస్థ 1942 నుంచి 1953 వరకు సుమారు 21 వేల టన్నుల వ్యర్థాలను పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని బడుల బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులోనే ఉంది. అయినా అక్కడ బడి కట్టారు, పక్కనే ఇళ్ళు లేచాయి. రోడ్లకూ మురుగు గొట్టాలకూ తవ్వినప్పుడు బంకమట్టి కప్పు చెడింది. ఇల్లు కొన్నవారికి పాత దస్తావేజులో ఏముందో ఎవరు చెబుతారు? రసాయనాలు నేలమాళిగల్లోకి ఊరాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి వందల కుటుంబాలను తరలించారు. తరువాత కాలువను మళ్ళీ కప్పి చుట్టూ కంచె వేశారు. ఆ కంచె ఇప్పటికీ ఉంది. ఈ ఘటన తరువాత 1980లో వచ్చిన చట్టం కింద, శుద్ధి చేశాక కూడా విషం మిగిలిన స్థలాలను అయిదేళ్ళకొకసారి తిరిగి పరిశీలిస్తారు.

మన దేశంలో కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు 2025 జూలైలో వచ్చాయి. అదే ఏడాది నవంబరులో, అవుటర్ రింగు రోడ్డు లోపలా చుట్టుపక్కలా ఉన్న పాత పారిశ్రామికవాడల భూములను ఇళ్ళకూ వ్యాపారాలకూ మార్చుకునే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 600 హద్దున్న భూమిని 140 హద్దుకు మార్చడమన్నమాట! కార్ఖానా షెడ్డు కూల్చి నేల చదును చేస్తే కంటికి అంతా శుభ్రంగానే ఉంటుంది.

స్థలం కొనేవారు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఈ.సి. తీసుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ భూమిని ఎవరు ఎవరికి అమ్మారో, దాని మీద తాకట్టు ఏమైనా ఉందో అందులో తెలుస్తుంది. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల సీసం ఉందో, బోరు వేయవచ్చో లేదో, ఎవరైనా దస్తావేజులో రాసి రిజిస్టరు చేయిస్తే తప్ప, అందులో కనిపించదు.