వర్చువల్ మెషీన్లలో ధ్వని అంతరాయాలు

ఒక కంప్యూటరులో సాఫ్టువేరు సహాయంతో నడిచే మరొక కంప్యూటరును వర్చువల్ మెషీన్ అంటారు. అసలు కంప్యూటరును హోస్టు అని, లోపల నడిచే వ్యవస్థను గెస్టు అని వ్యవహరిస్తారు. గెస్టులో పాట తెగితెగి వినబడడం, చిటపట శబ్దాలు రావడం, స్వరం మారిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్యలు. గెస్టు లెక్కించే కాలానికీ, వాస్తవ కాలానికీ మధ్య తేడా వీటికి ఒక ముఖ్య కారణం.

కారణాలు

డిజిటల్ ధ్వనిలో సెకనుకు నిర్ణీత సంఖ్యలో శాంపిళ్లు ఉంటాయి. ఆడియో సీడీలో ఈ సంఖ్య 44,100. కంప్యూటర్లలో 48,000 కూడా సాధారణం. ఆడియో డ్రైవరు శాంపిళ్లను బఫరు అనే మెమరీ భాగంలో ముందుగా నింపుతుంది. సౌండు కార్డు వాటిని వరుసగా తీసుకొని వినిపిస్తుంది.

* ఆగిపోవడం: 48,000 వేగంతో 1,024 శాంపిళ్లు సుమారు 21 మిల్లీసెకన్లకు సరిపోతాయి. హోస్టు తన ప్రాసెసరును అంతకన్నా ఎక్కువసేపు ఇతర పనులకు కేటాయిస్తే, ఆగిపోయిన గెస్టు బఫరును నింపలేదు. శబ్దం తెగుతుంది.
* గడియారాల తేడా: గెస్టు గడియారం సౌండు కార్డు గడియారం కంటే 0.01 శాతం నెమ్మదిగా నడిస్తే సెకనుకు 4.8 శాంపిళ్లు తగ్గుతాయి. 1,024 శాంపిళ్ల నిల్వ సుమారు మూడున్నర నిమిషాలలో హరించుకుపోతుంది.

స్వరం మారడం

లినక్సులో ఏసీ97 చిప్పులకు వాడే ఇంటెల్8ఎక్స్0 డ్రైవరు, అవసరమైనప్పుడు కొద్దిసేపు శబ్దాన్ని నడిపి చిప్పు వేగాన్ని కొలుస్తుంది. కొలిచే సమయంలో గెస్టు ఆగితే లెక్క తప్పి, ఆపై ధ్వని తప్పు వేగంతో వినబడవచ్చు. డ్రైవరులోని "ఏసీ97_క్లాక్" అమరికకు 48000 విలువ ఇస్తే ఈ కొలత అవసరముండదు.

పరిష్కారాలు

బఫరును 4,096 శాంపిళ్లకు పెంచితే సుమారు 85 మిల్లీసెకన్ల వ్యవధి లభిస్తుంది. చిన్న చిన్న ఆగిపోవడాలకు ఇది చాలు. అయితే మీట నొక్కిన తరువాత శబ్దం రావడం ఆలస్యమవుతుంది. తెరపైని అక్షరాలను చదివి వినిపించే సాఫ్టువేరుపై ఆధారపడే అంధులకు ఈ ఆలస్యం ఇబ్బందికరం. హోస్టులోని ప్రాసెసరు కోర్లన్నిటినీ గెస్టుకే ఇవ్వకుండా కొన్నిటిని మిగల్చడం కూడా మేలు చేస్తుంది.

గడియారాల తేడాను పెద్ద బఫరు పోగొట్టదు, వాయిదా మాత్రమే వేస్తుంది. పై ఉదాహరణలో 4,096 శాంపిళ్లు కూడా సుమారు 14 నిమిషాలలో ఖాళీ అవుతాయి. శాంపిళ్ల సంఖ్యను నిరంతరం స్వల్పంగా సర్దే రీశాంప్లింగ్ దీనికి తగిన మార్గం.

పాత చిప్పులను అనుకరించే బదులు వర్చువల్ మెషీన్ల కోసమే రూపొందించిన విర్ట్‌ఐఓ సౌండ్ పరికరానికి 2021లో లినక్సు 5.13లో డ్రైవరు చేరింది. 2023లో విడుదలైన క్యూఈఎంయూ 8.2 ఈ పరికరాన్ని అందించింది.