రొయ్యల మీద నిమ్మకాయ పిండుకోండి

ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరింది. తైవాన్‌లో ఓ అమ్మాయి రొయ్యలు తిని విటమిన్ సి బిళ్ల వేసుకుందట. తెల్లారేసరికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం కారి పోయిందట. రొయ్యల్లోని ఆర్సెనిక్‌ను విటమిన్ సి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ అనే విషంగా మార్చేసిందట. అందుకని రొయ్యలు తిన్నాక నిమ్మరసం ముట్టకండి, పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి. ఈమెయిళ్ల కాలం నుంచీ తిరుగుతున్న ఈ కథలో ఆ అమ్మాయికి ఇప్పటిదాకా పేరు పెట్టినవాళ్లు లేరు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వంటిళ్లలో దీని దెబ్బ సరిగ్గా లూసియానా వంటల మీద పడుతోంది. హ్యూస్టన్ నుంచో డాలస్ నుంచో సెలవులకు వచ్చిన పిల్లలు కేజున్ సీఫుడ్ బాయిల్ చేద్దామంటారు. రొయ్యలు, మొక్కజొన్న కండెలు, బంగాళాదుంపలు, వెల్లుల్లి వెన్న, వాటితో పాటు అడ్డంగా కోసిన నిమ్మకాయలు. కాయలు గిన్నెలో పడేలోపే ఎవరో ఒక పిన్నిగారు ఫోన్ తీసి చూపిస్తారు. నిమ్మకాయలు తిరిగి ఫ్రిజ్‌లోకి పోతాయి. ఎందుకైనా మంచిదని రొయ్యల్ని అరగంట కుతకుత ఉడికిస్తారు. తర్వాత నమలలేక, అమెరికా వంట ఇంతేనని తేలుస్తారు.

అసలు సంగతి చూద్దాం. సముద్రపు ఆహారంలో ఆర్సెనిక్ ఉన్న మాట నిజమే. కానీ అందులో అత్యధిక భాగం ఆర్సెనోబీటైన్ రూపంలో ఉంటుంది. అది మన ఒంట్లో ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. విషమయ్యేది అకర్బన ఆర్సెనిక్. చైనా ప్రమాణం ప్రకారం రొయ్యల్లో అది కిలోకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దు నిండా ఉందనీ, అదంతా నిమ్మరసం మహిమతో ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌గా మారిందనీ ఒప్పుకుందాం. ప్రాణం తీసే మోతాదు సుమారు 100 మిల్లీగ్రాములు. అంత పోగవ్వాలంటే ఒక్క పూటలో దాదాపు 150 కిలోల రొయ్యలు తినాలి. ఆ పనికి పూనుకున్నవాడిని చంపడానికి ఆర్సెనిక్ అక్కర్లేదు.

పైగా మెసేజ్‌లో భయపెట్టే ఆ రసాయన మార్పును మన శరీరం నిమ్మకాయ సాయం లేకుండానే చేస్తుంది. అకర్బన ఆర్సెనిక్ ఏ తిండిలోంచి వచ్చినా లోపల జరిగే మొదటి పనుల్లో అదొకటి. ఆ మాటకొస్తే మామూలుగా రొయ్యల్లో కన్నా బియ్యంలోనే అకర్బన ఆర్సెనిక్ ఎక్కువ. నీళ్లు ఎక్కువ పోసి గంజి వారిస్తే కొంత పోతుంది కూడా. (అన్నం మానేయండంటూ దీన్నుంచి ఇంకో మెసేజ్ పుట్టించకండి, దండం పెడతాను.)

సైన్సు వద్దంటే భీమవరం వెళ్లండి. గోంగూర రొయ్యలు, చింతచిగురు రొయ్యలు, మామిడికాయ రొయ్యలు, వేపుడు మీద నిమ్మచెక్క. మెసేజే నిజమైతే గోదావరి జిల్లాల్లో ఈపాటికి మనిషనేవాడు మిగలకూడదు. లూసియానాలోనూ అంతే. క్రాఫిష్ ఉడికించే పెద్ద గుండిగలో నిమ్మకాయలు ఒకటీ అరా కాదు, గుప్పెళ్లకొద్దీ వేస్తారు. న్యూఆర్లీన్స్ వాళ్ల బార్బెక్యూ ష్రింప్‌లో బార్బెక్యూ ఉండదు గానీ వెన్న, మిరియాలు, నిమ్మ ఉంటాయి.

దీన్ని నవ్వి వదిలేయలేకపోవడానికి కారణం ఉంది. రొయ్యలు తిన్నాక పెదవులు వాచి, దద్దుర్లు లేచి, గొంతు పట్టేస్తే అది రొయ్యల అలర్జీ. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఒంటికి పడకపోవడం. మెసేజ్ చదివినవాళ్లు మాత్రం నిమ్మకాయను తిట్టి, వచ్చేసారి నిమ్మ లేకుండా అవే రొయ్యలు తింటారు. రెండోసారి మొదటిసారికన్నా తీవ్రంగా రావచ్చు. ఊపిరి ఆడకపోతే ఫోన్‌లో వెతకడం మాని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ తర్వాత అలర్జీ డాక్టర్ని కలిసేదాకా రొయ్యల జోలికి వెళ్లకూడదు.

రెండో నష్టం రైతుది. దేశం నుంచి ఎగుమతయ్యే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రది, వాటిని అందరికన్నా ఎక్కువగా కొంటూ వచ్చింది అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచేసరికి చెరువు గట్టు మీది రైతు బిక్కచచ్చిపోయాడు. రైతుకు అలాంటి దెబ్బ తగిలాక మన ఊళ్లో అమ్ముడుపోయే రొయ్యల మీద కూడా విషం ముద్ర కొడుతున్నాం. ఇంకో తమాషా: లూసియానా హోటళ్లలో వండే రొయ్యలు దిగుమతివైతే ఆ సంగతి తినేవాళ్లకు చెప్పితీరాలని ఆ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. అక్కడి గంబో అనే పులుసులో గోదావరి రొయ్య ఈదుతోందన్నమాట. ఇక్కడ మనకే భయం.

మిగతా అపోహలకు ఇంత చోటు దండగ. రొయ్యల మీద పెరుగో పాలో తగిలితే బొల్లి రాదు, అది రోగనిరోధక శక్తి చేసే పొరపాటు. కేజున్ అంటే నోరు మండే కారమూ కాదు. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు నోవాస్కోషియా నుంచి తరిమేసిన ఫ్రెంచి రైతుల ఒంటి గిన్నె వంట అది. క్రియోల్ న్యూఆర్లీన్స్ పట్నపు వంట. రెంటికీ ప్రాణం ఉల్లి, కాప్సికం, సెలరీ. గుంటూరు కారం తిన్నవాళ్లు హడలాల్సిందేమీ లేదు. షెఫ్ పాల్ ప్రుధోమ్ ప్రపంచానికి రుచి చూపించిన బ్లాకెన్డ్ చేప మాడిన చేప కాదు. బాగా కాలిన ఇనప పెనం మీద వెన్న, మసాలా ముదురు రంగుకు తిరగడమే. కిటికీలు తెరిచి చేయండి, పొగ చాలా వస్తుంది. గంబోలో బెండకాయ జిగట బాధయితే ముక్కల్ని ముందే నూనెలో వేయించండి, ఇది మీ అమ్మమ్మకూ తెలుసు.

కేజున్ చికెన్ డైట్ ఫుడ్ అన్న నమ్మకం ఒకటి జిమ్‌ల చుట్టూ తిరుగుతోంది. దాని మీద చల్లే కేజున్ మసాలా పొడి ప్యాకెట్ తిప్పి చదవండి. చాలావాటిలో పదార్థాల వరసలో మొదటి పేరు ఉప్పే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములు దాటొద్దంటోంది. రేపు క్లోజప్ షాట్ పెట్టుకుని ఈ రాత్రి ఆ పొడి దులిపి తింటే పొద్దున ముఖం ఉబ్బుతుంది, మేకప్‌మ్యాన్‌ను తిట్టకండి. పాప్రికా, వెల్లుల్లి పొడి, మిరియాలు, థైమ్ కలిపితే ఇంట్లోనే పొడి తయారు. ఉప్పు మీ చేతిలో ఉంటుంది.

ఒక్క భయానికి మాత్రం, ఇష్టం లేకపోయినా, తల ఊపాలి. రాజ్మాలో విషం ఉందంటారే, ఉంది. ఎర్ర రాజ్మాలో ఫైటోహెమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. న్యూఆర్లీన్స్‌లో సోమవారం వండుకునే రెడ్ బీన్స్ అండ్ రైస్ చేయాలని అమెరికా నుంచి తెచ్చిన స్లో కుక్కర్‌లో నానని గింజలు పోసి ఆఫీసుకు వెళ్లిపోయేవాళ్లకు ఇది చెప్పాలి. నీళ్లు మరగని ఆ వేడికి విషం చావదు సరికదా, పెరుగుతుంది. రాత్రి నానబెట్టండి, ఆ నీళ్లు పారబోయండి, కొత్త నీళ్లు పోసి మామూలు ప్రెషర్ కుక్కర్‌లో మెత్తబడేదాకా ఉడికించండి. స్లో కుక్కర్ అంత ముద్దయితే ఉడికిన గింజల్ని తర్వాత అందులోకి వంపుకోండి. రొయ్యలు కూడా వేయాలనుకుంటే దించే ముందు మూడు నిమిషాలు చాలు.