గంట చికిత్స... ఆర్నెల్ల పూచీ!

కత్తిగాటు ఉండదు, మత్తుమందు అక్కర్లేదు, మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్లొచ్చేయొచ్చు... దుబాయ్ నుంచి డాలస్ దాకా ‘ఫ్యాట్ ఫ్రీజింగ్’ క్లినిక్కులు చెప్పే మాట ఇదే. అందులో అబద్ధం లేదు. కాకపోతే యంత్రం కింద పడుకునేది గంటే అయినా మంచోచెడో తేలేది నెలల తర్వాత. అప్పటికి మీరెక్కడుంటారు, మీకు జవాబు చెప్పేదెవరు? పరాయి దేశంలో ఉంటూ క్లినిక్ వెతుక్కునేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు కుర్చీలో కూర్చుంటే లేచేది సాయంత్రమే. ఎండ దెబ్బకి గుమ్మం నుంచి కారుకీ, కారు నుంచి లిఫ్టుకీ తప్ప నడక ఉండదు. వారాంతం వస్తే ఎవరో ఒకరింట్లో బిర్యానీ విందు. గల్ఫ్‌లో ఐదారేళ్లు గడిపిన తెలుగు ఉద్యోగిని కదిపితే జీతంతోపాటు నడుమూ పెరిగిందని నవ్వుతూ చెబుతారు. జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి పది రోజులు వెళ్లి మానేసినవాళ్లకి లెక్కే లేదు. సరిగ్గా అలాంటప్పుడే ఫోన్‌లో ఓ ప్రకటన కనిపిస్తుంది... ‘పొట్టకి చేయించుకుంటే నడుం మడతలకి ఉచితం. ఈ వారాంతం వరకే!’

సొంతూళ్లో అయితే ఎరిగున్న డాక్టరుంటారు, వైద్యం చదివిన మేనమామ కొడుకుంటాడు. ‘ఇది పనిచేస్తుందంటావా?’ అని ఒక్క ఫోన్ కొట్టొచ్చు. ఊరు కాని ఊళ్లో ఆ పెద్ద దిక్కు స్థానంలోకి గూగుల్ రివ్యూలూ, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ‘ముందు- తర్వాత’ ఫొటోలూ వచ్చి చేరాయి. మోసపోయేది అక్కడే.

పుల్ల ఐసు చెప్పిన సంగతి

ఈ చికిత్స అసలు పేరు క్రయోలిపాలిసిస్. దీని మూలం పసిపిల్లల బుగ్గల్లో ఉంది. పుల్ల ఐసు చప్పరించిన పాపాయి బుగ్గ ఎర్రబడి, గట్టిపడి, లోపలి కొవ్వు దెబ్బతినడాన్ని 1970లో ఎప్‌స్టీన్, ఓరెన్ అనే వైద్యులు ఓ వైద్య పత్రికలో నమోదు చేశారు. పైచర్మం బాగానే ఉండి కింది కొవ్వు మాత్రమే చలికి ఎందుకు లొంగింది? అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డైటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ ఆ ప్రశ్నని పట్టుకుని పందుల మీద ప్రయోగాలు చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. చలికాలంలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, పక్కన చెంబులో నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి కదా... సూత్రం అదే. కొవ్వు కణంలోని కొవ్వు గడ్డకట్టేంత చల్లదనానికి చర్మం, కండరం తట్టుకుంటాయి. దెబ్బతిన్న కొవ్వు కణాలు తర్వాత్తర్వాత చనిపోతాయి. వాటిని ఒంట్లోని రక్షక కణాలు రెండు మూడు నెలలపాటు కొద్దికొద్దిగా ఊడ్చేస్తాయి.

ఈ సూత్రంతో జెల్టిక్ అనే సంస్థ తెచ్చిన ‘కూల్‌స్కల్ప్టింగ్’ యంత్రానికి అమెరికా ఎఫ్‌డీఏ 2010లో నడుం పక్కల మడతలకి, 2012లో పొట్టకి అనుమతి ఇచ్చింది. తొడలు, గడ్డం కింది భాగం, చేతులు ఆ తర్వాత వచ్చాయి. 2017లో బొటాక్స్ తయారుచేసే అలెర్గాన్ ఆ సంస్థని సుమారు 250 కోట్ల డాలర్లకి కొనేసిందంటే గిరాకీ ఏపాటిదో తెలుస్తుంది. గిరాకీ ఉన్నచోట నకళ్లు పుడతాయి. నేడు ‘ఫ్యాట్ ఫ్రీజింగ్’ బోర్డు కింద అసలు యంత్రాలున్నాయి, వేరే సంస్థలు పరీక్షించి తెచ్చినవున్నాయి, ఏ పరీక్షకీ నిలవనివీ ఉన్నాయి.

చికిత్స గదిలో జరిగేదేమిటంటే... ముందు మిమ్మల్ని నిలబెట్టి మడత ఎక్కడుందో పెన్నుతో గీస్తారు. ఆ చోట జెల్‌తో తడిసిన పల్చటి గుడ్డలాంటి ప్యాడ్ పరుస్తారు. దానిమీద గిన్నెలాంటి అప్లికేటర్ పెట్టగానే అది చర్మాన్నీ కొవ్వునీ కలిపి లోపలికి పీల్చుకుంటుంది. మొదటి కొద్ది నిమిషాలు లాగినట్టు, చురుక్కుమన్నట్టు ఉంటుంది. ఆనక మొద్దుబారుతుంది. యంత్రాన్ని బట్టి 35 నిమిషాల నుంచి గంట. గిన్నె తీసేసరికి అదే ఆకారంలో గడ్డకట్టిన ముద్ద పైకి తేలి ఉంటుంది. దాన్ని రెండు నిమిషాలు గట్టిగా మర్దన చేస్తారు. చాలామందికి కళ్లలో నీళ్లు తిరిగేది అప్పుడే. ఎర్రదనం, కమిలిన మచ్చలు, కొన్ని వారాల తిమ్మిరి మామూలే.

ఇందులో అన్నిటికన్నా చవగ్గా కనిపించేది ఆ జెల్ ప్యాడ్. చర్మం గడ్డకట్టకుండా కాపాడేది అదే. నాసిరకం ప్యాడ్ వాడినా, సరిగ్గా పరవకపోయినా మంచుకి కాలినట్టు చర్మం బొబ్బలెక్కుతుంది. మన ఛాయ ఒంటిమీద ఆ మచ్చ నెలల తరబడి నల్లగా మిగిలిపోతుంది. కాబట్టి కొత్త ప్యాడ్ ప్యాకెట్ మీ కళ్లముందే విప్పమనండి. మొహమాటపడాల్సిన పని లేదు.

ఏ బొజ్జ కరుగుతుంది?

సవ్యంగా జరిగితే చికిత్స చేసిన చోట కొవ్వు మందం 20 నుంచి 25 శాతం దాకా తగ్గుతుంది. బరువు తూచే యంత్రం మీద పెద్దగా తేడా ఉండదు. పైగా ఇది పనిచేసేది చర్మం కింద, రెండు వేళ్లతో పట్టుకుంటే దొరికే కొవ్వు మీదే. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకున్న కొవ్వు జోలికి ఇది పోదు.

మనవాళ్లకి చిక్కు ఇక్కడే. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు సూచీ) ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం బిగుతుగా ముందుకొచ్చిన మగవారికి ఈ యంత్రం చేసే మేలు స్వల్పం. నడుం చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు చూసుకోవాలని దక్షిణాసియావారికి వైద్యులు చెబుతారు. అలాంటివారు ముందు వెళ్లాల్సింది రక్తపరీక్షకి. అసలు కూల్‌స్కల్ప్టింగ్‌కి పొట్ట, నడుం దగ్గర ఇచ్చిన అనుమతే బీఎంఐ 30కి మించనివారికి. ఊబకాయానికి ఇది మందు కాదు.

ఆడవారి విషయంలో మరో మెలిక ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కోత పెట్టిన చోట హెర్నియా ఉంటే దానిమీద అప్లికేటర్ పెట్టకూడదు. కాన్పుల తర్వాత పొట్ట కండరాలు రెండుగా విడిపోయి కడుపు ముందుకు వస్తే, అది కొవ్వు కాదు కనుక ఎన్ని సెషన్లు చేసినా లోపలికి పోదు. దానికి ఫిజియోథెరపీ కావాలి, కొందరికి సర్జరీ. ఇక చలికి రక్తంలోని ప్రొటీన్లో ఎర్రకణాలో ముద్దకట్టే క్రయోగ్లోబులినీమియా, కోల్డ్ అగ్లూటినిన్ జబ్బు లాంటివి ఉన్నవారికి ఈ చికిత్స పూర్తిగా నిషిద్ధం. చల్లటి నీళ్లు తగిలితే దద్దుర్లు వచ్చేవారు, చలికి వేళ్లు తెల్లబడేవారు ఆ సంగతి దాచకూడదు.

వీటిలో ఏదీ ఫొటో చూసి తేలదు. వైద్యులు పడుకోబెట్టి, నిలబెట్టి, దగ్గించి, చేత్తో నొక్కి చూడాలి. ఫొటో వాట్సాప్‌లో పంపితే ప్యాకేజీ చెప్పే క్లినిక్ ఆ ఒక్క పనితోనే తన తీరు చెప్పేసినట్టు.

తగ్గాల్సింది పెరిగితే...

1990ల్లో ప్రపంచాన్ని ఊపేసిన సూపర్ మోడల్ లిండా ఎవాంజెలిస్టా కొన్నేళ్లు కెమెరాకి కనిపించలేదు. కూల్‌స్కల్ప్టింగ్ చేయించుకున్న చోట్ల కొవ్వు తగ్గకపోగా పెరిగిందనీ, సరిచేసే సర్జరీలు చేసినా పూర్వరూపం రాలేదనీ 2021 సెప్టెంబరులో ఆమె బయటపెట్టారు. 5 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ జెల్టిక్ మీద దావా వేశారు. 2022లో ఇరుపక్షాలూ రాజీకొచ్చాయి.

ఆమెకి వచ్చినదాన్ని పారడాక్సికల్ అడిపోస్ హైపర్‌ప్లేసియా, పొట్టిగా ‘పీఏహెచ్’ అంటారు. చికిత్స చేసిన చోటే కొవ్వు గట్టిగా, అప్లికేటర్ ఆకారంలో ఉబ్బుతుంది. దీన్ని తొలిసారి 2014లో వైద్య పత్రికలో వర్ణించారు. అప్పట్లో 20 వేలలో ఒకరికి వస్తుందన్నారు. తర్వాత ఆ లెక్క సవరించారు, కొన్ని స్వతంత్ర అధ్యయనాలు అంతకన్నా ఎక్కువే అన్నాయి. లెక్క మనిషికా, అప్లికేటర్ పెట్టిన ప్రతిసారికా అన్నదీ చూడాలి. ఒకే మనిషికి పలుమార్లు పెడతారు మరి. అరుదే అయినా, వస్తే దానంతటది పోదు. సాధారణంగా లైపోసక్షనే దిక్కు. ఎప్పుడు బయటపడుతుందంటే, చికిత్స అయిన రెండు మూడు నెలలకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా.

ప్రవాసికి ఆ రెండు మూడు నెలలే కీలకం. ప్రాజెక్టు మారి ఇంకో దేశానికి వెళ్లొచ్చు, ఉద్యోగం పోయి వీసా రద్దు కావచ్చు. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే. నాలుగు సెషన్లకి ముందే డబ్బు కట్టేసిన ప్యాకేజీ అక్కడ, మనిషి ఇక్కడ. అందం కోసం చేయించుకున్న చికిత్స వికటిస్తే ఆరోగ్య బీమా చాలావరకు ఆదుకోదు. ఆ ఖర్చు ఎవరిదో డబ్బు కట్టకముందే కాగితం మీద ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

ఏ దేశంలో ఎవరిని అడగాలి?

దుబాయ్: క్లినిక్కులకీ, వాటిలో పనిచేసే వైద్యులు, నర్సులకీ దుబాయ్ హెల్త్ అథారిటీ లైసెన్సులు ఇస్తుంది. అబుధాబిలో ఆ పని డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్‌ది. షార్జా లాంటి మిగతా ఎమిరేట్లలో కేంద్ర ఆరోగ్యశాఖది. పేరు కొడితే లైసెన్సు ఉందో లేదో, ఆ డాక్టర్ ఏ క్లినిక్‌లో పనిచేయడానికి ఇచ్చారో వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది. సెలూన్ లైసెన్సు వేరు, వైద్య లైసెన్సు వేరు. జుట్టు కత్తిరించే పక్క గదిలో ఈ యంత్రం కనిపిస్తే వచ్చినదారినే వెనక్కి వచ్చేయండి. చికిత్స వికటిస్తే ఫిర్యాదు చేయడానికి 2016 నాటి వైద్య బాధ్యత చట్టం ఉంది. అందుకు రసీదులు, కన్సెంట్ ఫారం నకలు మీ దగ్గర ఉండాలి.

ఇంగ్లండ్: ఇలాంటి చికిత్స చేసేవారికి వైద్య డిగ్రీ ఉండి తీరాలన్న నిబంధన లేదు. లైసెన్సు విధానం తెచ్చే అధికారాన్ని 2022 చట్టం ప్రభుత్వానికిచ్చింది. అయితే డాక్టరే చేస్తే మీకో రక్షణ ఉంది. జనరల్ మెడికల్ కౌన్సిల్ 2016లో తెచ్చిన నియమావళి ప్రకారం సౌందర్య చికిత్సలు చేసే డాక్టర్లు సమ్మతి తామే తీసుకోవాలి, ఆలోచించుకునే గడువివ్వాలి, తొందరపెట్టే ప్రకటనలు చేయకూడదు. కాబట్టి కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్ స్వయంగా చూసే చోటికే వెళ్లాలి.

అమెరికా: రాష్ట్రానికో రూలు. వైద్య సౌందర్య సేవలందించే చాలా మెడ్‌స్పాల్లో ‘మెడికల్ డైరెక్టర్’ పేరు గోడమీదుంటుంది, మనిషి కనపడరు. ఆయన వారంలో ఎన్నిరోజులు వస్తారో అడగండి. ఆయన మీద చర్యలేమైనా ఉన్నాయేమో రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైట్‌లో చూడండి. ‘ఎఫ్‌డీఏ అనుమతి ఉంది’ అన్న మాట క్లినిక్‌కి వర్తించదు. ఆ అనుమతి ఫలానా యంత్రానికి, ఒంట్లో ఫలానా భాగానికి.

ఇండియా వెళ్లినప్పుడు చేయించుకుంటే?

పళ్లు, కళ్లు, మాస్టర్ హెల్త్ చెకప్... సెలవుల జాబితాలో ఇప్పుడిదీ చేరింది. హైదరాబాద్, విజయవాడల్లో మంచి చర్మవైద్యులున్నారు, ఖర్చూ తక్కువే. కానీ మూడు వారాల సెలవులో ఇది ఇమడదు. అదేచోట రెండో సెషన్‌కి వారాల వ్యవధి కావాలి, ఫలితం తేలేది మూడో నెలలో. అప్పటికి మీరు ఏడు సముద్రాల అవతల ఉంటారు. అక్కడి డాక్టరు ‘ఎవరు చేశారో వాళ్లనే అడగండి’ అంటే కాదనలేం. తిరిగి ఆర్నెల్లలోపు వచ్చే వీలున్నవారు, లేదా పూర్తిగా స్వదేశానికి వచ్చేస్తున్నవారు చేయించుకుంటే అర్థముంది. అప్పుడూ క్లినిక్‌కి జిల్లా వైద్యారోగ్యశాఖ రిజిస్ట్రేషన్, డాక్టరుకి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూసుకోవాల్సిందే.

ఫోన్‌లోనే అడిగేయండి!

* నన్ను పరీక్షించేది డాక్టరా, కౌన్సెలరా? ఆయన రిజిస్ట్రేషన్ నంబరెంత?
* యంత్రం పేరు, మోడల్ ఏమిటి? ఈ దేశంలో ఏయే భాగాలకి అనుమతి ఉంది?
* అప్లికేటర్ ఎన్నిసార్లు పెడతారు? ధర ఒక్కోసారికా, మొత్తానికా?
* మూడో నెలలో డాక్టర్ మళ్లీ చూస్తారా? దానికి ఫీజుందా?
* పీఏహెచ్ కేసు మీ దగ్గర వచ్చిందా? వస్తే ఏం చేస్తారు, ఖర్చెవరిది?
* నేను ఊరు మారితే మిగిలిన సెషన్ల డబ్బు వాపసిస్తారా? రాసిస్తారా?
* నా రికార్డులు, ఫొటోల నకళ్లు నాకిస్తారా?

పీఏహెచ్ ఊసెత్తగానే ‘మా దగ్గర అలాంటివి రావండీ’ అని మాట దాటేస్తే ఆ క్లినిక్‌ని జాబితాలోంచి కొట్టేయండి. ‘రావచ్చు, వస్తే ఇదీ మా పద్ధతి’ అన్న క్లినిక్‌ని ఉంచండి. వాటిలోనూ డాక్టర్ పొట్ట నొక్కి చూసి ‘మీకిది పనికిరాదు, ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి’ అన్నారనుకోండి... ఆ రోజు కట్టిన కన్సల్టేషన్ ఫీజంత సద్వినియోగమైన డబ్బు మరొకటి ఉండదు. రేపెప్పుడైనా నిజంగా అవసరమైతే వెళ్లాల్సింది ఆ డాక్టర్ దగ్గరికే.