వనభోజనాలకు అరువు చిరునామా

మన వనభోజనాలకు ఉసిరి చెట్టు దొరక్కపోయినా ఓక్ చెట్టుతో సరిపెట్టుకుంటాం. చిక్కల్లా ఆ చెట్టు కింద బల్లలు దొరకడమే. నేను కార్యవర్గంలో ఉన్న రోజుల్లో పక్క ఊరి పార్కు మీద కన్నేశాం. ఆ ఊరివాళ్ళకి బుకింగు జనవరిలోనే మొదలు; పొరుగువాళ్ళకి ఫిబ్రవరిలో. అప్పటికి వేసవి శనివారాలన్నీ అయిపోయేవి. చేసేదేముంది? ఆ ఊళ్ళో ఉన్న సభ్యుడొకాయన్ని పట్టుకుని ఆయన పేరు మీద కాగితం నింపించాం. పులిహోర గిన్నెలు దింపింది మొదలు ఎత్తేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు. పర్మిట్ ఆయనది మరి!

తర్వాత కొన్నేళ్ళకి నేనే ఆ ఊళ్ళో ఇల్లు కొన్నాను. ఇంటి పన్ను బిల్లు చూశాక, "మా ఊరి పార్కు ముందు మాకు కాక ఎవరికి?" అన్న మాట నా నోటే వచ్చింది. సంఘానికి సంతకం మాత్రం పెడుతూనే ఉన్నాను.

కిందటేడు పక్కింటావిడ మనవరాలి పుట్టినరోజుకి ఆ బల్లలే అడిగిందట. "ఎవరో నూటయాభై మందికి తీసేసుకున్నారు, మన ఊరివాళ్ళేనా?" అంది. నేను నీళ్ళు నమిలాను.

ఈ తగువు కొత్తదేం కాదు. పాలో ఆల్టో 1950ల చివర్లో కొండల్లో భూమి కొంది. ఇరుగుపొరుగు ఊళ్ళు ఖర్చు పంచుకోవడానికి ఒప్పుకోలేదు. దాంతో 1965లో తెరిచిన ఫుట్‌హిల్స్ పార్కులోకి ఊరివాళ్ళకీ, వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన అతిథులకీ మాత్రమే ప్రవేశం. పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కాక 2020 డిసెంబరులో అందరికీ తెరిచారు. మరుసటేడు కారుకి 6 డాలర్ల రుసుము పెట్టారు.

ఇక్కడి కేంద్ర ప్రభుత్వానికి ల్యాండ్ అండ్ వాటర్ కన్సర్వేషన్ ఫండ్ అని ఒక నిధి ఉంది. దాని సాయం పొందిన పార్కుల్లో ఊరివాళ్ళకి ముందుగా రిజర్వేషన్ ఇవ్వకూడదు. పొరుగువాళ్ళ దగ్గర రుసుము ఎక్కువ పుచ్చుకోవచ్చు గాని, ఊరివాళ్ళు కట్టేదానికి రెట్టింపు దాటకూడదు. నా ఇంజనీరు బుర్రకి ఈ లెక్క నచ్చింది. గడ్డి కోసే ఖర్చు మా పన్నుల్లోంచి పోతోందా? సరే, ఆ తేడా డాలర్లలో తీసుకోండి. నెల ముందు మాకు గేటు తెరిస్తే మాత్రం పొరుగువాళ్ళు నాలాంటివాడి సంతకం కోసం వెతుక్కుంటారు.

మా సిటీ కౌన్సిలుకి ఈ మాటే ఉత్తరం రాశాను. ఈ ఏడు నా చిరునామా వాడొద్దని కార్యవర్గానికీ చెప్పేశాను. అందరికీ ఒకే రోజున బుకింగు మొదలయ్యే పార్కు చూసుకుందాం, రుసుము ఎక్కువైనా కడదాం అన్నాను. కొందరు మొహం ముడుచుకున్నారు. "అంత దూరం పోయేసరికి పెరుగన్నం పులిసిపోదూ?" అంది మా ఆవిడ. ఐసు పెట్టె నేను మోస్తానన్నాను.