మీకు తెలుసా? పికిల్‌బాల్‌లో మెత్తగా వేసే బంతికే విలువెక్కువ

టెన్నిస్‌లో డ్రాప్ షాట్ ఆడేది పాయింటు కొట్టేయడానికి. ప్రత్యర్థి వెనకెక్కడో ఉంటాడు. బంతి నెట్ దాటీ దాటగానే పడిపోతుంది. అతను పరుగెత్తి వచ్చేలోపే రెండోసారి నేలను తాకేస్తుంది. పికిల్‌బాల్‌లో పరిస్థితి వేరు. మనం డ్రాప్ వేసే సమయానికి ప్రత్యర్థులిద్దరూ సాధారణంగా నెట్ దగ్గరే కాచుకుని ఉంటారు. బంతి వాళ్ల కాళ్ల ముందే పడుతుంది, వాళ్లు దాన్ని తిరిగి కొడతారు కూడా. అయినా ఈ ఆట నేర్చుకునేవాళ్లు అన్నిటికంటే ముందు పట్టుబట్టి సాధించాల్సింది ఈ డ్రాప్‌నే. ఇది వెంటనే పాయింటు తెచ్చిపెట్టదు, మనం నెట్ దాకా నడిచి వెళ్లేందుకు వ్యవధి ఇస్తుంది. ఈ సంగతి అర్థమైతే డ్రాప్‌లోని రకాలన్నీ ఒక్కొక్కటిగా వాటంతటవే అర్థమవుతాయి.

సర్వ్ చేసినవాళ్లకే ఇబ్బంది!

సర్వ్‌గా వచ్చిన బంతిని ఒకసారి నేల మీద పడనిచ్చాకే తిరిగి కొట్టాలి. అలా తిరిగొచ్చిన బంతిని సర్వ్ చేసిన జట్టు కూడా పడనిచ్చాకే కొట్టాలి. అందువల్ల సర్వ్ చేసిన జంట కోర్టు చివరి గీత, అంటే బేస్‌లైన్ వదిలి రావడానికి లేదు. అవతలి జంటలో ఒకరు మొదటి నుంచీ నెట్ దగ్గరే ఉంటారు. రిటర్న్ కొట్టినవారు కూడా పరుగున వచ్చి పక్కన చేరతారు. రెండు దెబ్బలు పూర్తయ్యేసరికి వాళ్లు ముందు, మనం వెనక. టెన్నిస్‌లో సర్వ్ చేతిలో ఉంటే పైచేయి మనది. ఇక్కడ అదే సర్వ్ మనల్ని వెనక కట్టిపడేస్తుంది. పైగా సంప్రదాయ పద్ధతిలో సర్వ్ చేసిన జట్టుకే పాయింటు వస్తుంది. ఆట 11 పాయింట్లకు, అదీ 2 పాయింట్ల తేడాతో గెలవాలి. వెనకనుంచి ముందుకు రావడం తెలియనివాళ్లు ఆ 11 చేరడం చాలా కష్టం. అందుకే ర్యాలీలో మూడో దెబ్బకు అంత పేరు. ‘థర్డ్ షాట్ డ్రాప్’ అని దాన్ని ప్రత్యేకంగా చెప్పుకునేది ఇందుకే.

ఏడడుగుల రక్షణ

నెట్‌కు అటూ ఇటూ 7 అడుగుల మేర ఉన్న చోటును కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. గాల్లో కొట్టిన ఊపులో కాలు కిచెన్ గీత మీద పడినా తప్పే. అప్పటికి బంతి ఆట ముగిసిపోయినా సరే, తప్పు తప్పే.

డ్రాప్ పడాల్సింది సరిగ్గా ఆ చోట్లోనే. గీత వెనక నిలబడి చెయ్యి చాపి గాల్లో అందుకోవచ్చుగానీ, అప్పటికే బంతి నెట్ కంటే కిందికి దిగి ఉంటే దాన్ని పైకి లేపక తప్పదు. పైకి లేచిన బంతితో మనకు భయం లేదు.

కొలతలు ఏం చెబుతున్నాయంటే...

కోర్టు పొడవు 44 అడుగులు. బేస్‌లైన్ దగ్గర నిలబడి వేసే డ్రాప్ 22 అడుగుల దూరంలో ఉన్న నెట్‌ను దాటాలి, 29 అడుగుల లోపు నేలకు దిగాలి. అలా దిగాలంటే బంతి తన శిఖరాన్ని నెట్ మీద కాదు, మన వైపు ఉండగానే అందుకోవాలి. నెట్ దాటే వేళకు అది కిందికి వస్తూ ఉండాలి. కొత్తవాళ్లలో ఎక్కువమంది గురి పెట్టేది నెట్ పై అంచుకి. గురి పెట్టాల్సింది అది కాదు, నెట్‌కు ఇవతల మనిషెత్తున గాల్లో ఉన్న ఒక చోటు. కళ్లు అక్కడ పెట్టి కొట్టి చూడండి, తేడా ఆ రోజే తెలుస్తుంది.

అంత ఎత్తు లేచి దిగే బంతి గాల్లో సుమారు ఒక సెకను ఉంటుంది. బేస్‌లైన్ నుంచి కిచెన్ గీత దాకా మనం నడవాల్సింది 15 అడుగులు. గట్టిగా బాదిన బంతి ఆ 29 అడుగులను దాదాపు సగం సెకనులోనే దాటేస్తుంది, కాచుకుని ఉన్న ప్యాడిల్‌కు (ఈ ఆటలో బ్యాట్‌కు) తగిలి అంతే వేగంగా వెనక్కి వస్తుంది. మనం రెండడుగులు వేసేలోపే అది మన కాళ్ల దగ్గర ఉంటుంది.

ఇంకో లెక్క. నెట్ ఎత్తు పక్కల 36 అంగుళాలు, మధ్యలో 34. కోర్టు వెడల్పు 20 అడుగులు. ఒక మూల నుంచి ఐమూలగా అవతలి కిచెన్ చివరిదాకా కొలిస్తే 35 అడుగులు దాటుతుంది. నేరుగా కొడితే 29 మాత్రమే. ఐమూలగా వేసే డ్రాప్‌కు దొరికే చోటు ఎక్కువ, దాటాల్సిన నెట్ తక్కువ. నేర్చుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టడమే మేలు.

అన్నిటికీ తల్లి: లేపి వేసే డ్రాప్

మేడ మీదున్నవాళ్లకు కింద నుంచి తాళాలగుత్తి అందేలా విసిరేటప్పుడు చెయ్యి ఎలా కదులుతుందో గమనించండి. భుజం దగ్గర ఊగుతుంది, మణికట్టు కదలదు. లేపి వేసే డ్రాప్‌కు కావాల్సింది ఆ కదలికే. మోకాళ్లు వంచి, బంతిని శరీరానికి ముందే అందుకుని, ప్యాడిల్ ముఖాన్ని కాస్త ఆకాశం వైపు తిప్పి, కింద నుంచి పైకి నెట్టినట్టు కొట్టాలి. ప్యాడిల్‌ను వెనక్కి ఎక్కువగా లాగకూడదు. పట్టు బిగించకూడదు. బలం కావాలంటే మోకాళ్లు ఇస్తాయి, మోచెయ్యి కాదు.

ఈ రకంలో తిప్పడాలేమీ ఉండవు కాబట్టి చూడ్డానికి సాదాగా ఉంటుంది. కానీ ఒత్తిడిలో చెయ్యి వణికినప్పుడు నిలబడేది ఇదే. మిగతావాటికి వెళ్లేముందు దీన్ని రెండు వైపులా, ఫోర్‌హ్యాండ్‌తోనూ బ్యాక్‌హ్యాండ్‌తోనూ, ఆలోచించకుండా వేయగలిగేదాకా సాధన చేయాలని నా గట్టి అభిప్రాయం.

బ్యాడ్మింటన్ మణికట్టు ఇక్కడ పనికిరాదు

పికిల్‌బాల్ పుట్టింది బ్యాడ్మింటన్ కోర్టు మీదే! 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయెల్ ప్రిచర్డ్ ఇంటి ఆవరణలో పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉండేది. ఆడటానికి సరైన సామగ్రి దొరకలేదు. ప్రిచర్డ్, ఆయన స్నేహితుడు బిల్ బెల్ కలిసి టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ చిల్లుల ప్లాస్టిక్ బంతీ తీసుకుని ఇంట్లోవాళ్ల కోసం ఆట మొదలుపెట్టారు. బంతి నేల మీద పడి బాగానే లేస్తోందని గమనించి 60 అంగుళాల నెట్‌ను 36కి దించేశారు. తర్వాత బార్నీ మెక్‌కాలమ్ వారితో కలిసి నిబంధనలు రూపొందించారు. 2022లో ఆ రాష్ట్రం దీన్ని తమ అధికారిక క్రీడగా ప్రకటించుకుంది. కోర్టు కొలత మాత్రం ఈనాటికీ బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతే, 20 అడుగులకు 44 అడుగులు.

మన దగ్గర, ముఖ్యంగా హైదరాబాద్‌లో, పికిల్‌బాల్ పట్టుకుంటున్నవాళ్లలో చాలామంది బ్యాడ్మింటన్ ఆడి వచ్చినవాళ్లే. వాళ్ల ఆట చూడముచ్చటగా ఉంటుంది. నెట్ దగ్గర చురుకుదనం, తల మీద నుంచి బాదే స్మాష్, రెండూ చేతిలో సిద్ధంగా ఉంటాయి. డ్రాప్ దగ్గరే చిక్కు. బ్యాడ్మింటన్‌లో డ్రాప్‌ను తల పైనుంచి కిందికి జారవిడుస్తారు, అందులో మణికట్టే ప్రాణం. ఇక్కడ బంతి మోకాలి ఎత్తు నుంచి పైకి లేవాలి. ఏళ్ల తరబడి అలవాటైన మణికట్టు చివరి క్షణంలో తనంతట తాను విదిలిస్తుంది. బంతి ఒకసారి నెట్‌కు కొట్టుకుంటుంది, మరోసారి ప్రత్యర్థి ఛాతీ ఎత్తుకు వెళ్లి స్మాష్‌కు దొరికిపోతుంది. కోర్టు పక్కన నిలబడి చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: భుజం చక్కగా వస్తుంది, ప్యాడిల్ చక్కగా వస్తుంది, బంతి తగిలే చోట మాత్రం మణికట్టు చిన్నగా ‘టప్’మని విదిలిస్తుంది. ఆ ఒక్క విదిలింపు మానుకుంటే చాలు, మిగతా నైపుణ్యమంతా వాళ్ల దగ్గర ముందే ఉంది.

తిప్పి వేస్తే...

టాప్‌స్పిన్ డ్రాప్‌లో ప్యాడిల్ బంతి వెనక భాగాన్ని కింద నుంచి పైకి రాసుకుంటూ వెళ్తుంది. ముందుకు దొర్లుతూ పోయే బంతిని గాలి కిందికి తోస్తుంది. అందువల్ల కాస్త వేగంగా కొట్టినా నెట్ దాటాక చప్పున దిగుతుంది, పడ్డాక ముందుకు దూకుతుంది. అవతలివాళ్లకు ఆలోచించే సమయం తక్కువ. ఇటీవల ప్రొఫెషనల్ ఆటలో ఇది బాగా పెరిగింది. గరుకైన కార్బన్ ఫైబర్ ముఖమున్న ప్యాడిల్స్ రావడం అందుకో కారణం. ఆ గరుకు ఎంతవరకు ఉండొచ్చో నిబంధనల్లో హద్దు ఉంది.

బంతి బాగా లేచి నడుము ఎత్తున దొరికినప్పుడే దీన్ని ప్రయత్నించాలి. పాదాల దగ్గర పడ్డ బంతిని తిప్పబోతే సాధారణంగా అది నెట్‌కే వెళ్తుంది.

స్లైస్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ప్యాడిల్ పై నుంచి కిందికి, బంతి అడుగును కోస్తున్నట్టు వస్తుంది. బంతి వెనక్కి తిరుగుతూ గాల్లో కాస్త ఎక్కువసేపు తేలుతుంది, పడ్డాక సరిగా లేవదు. టేబుల్ టెన్నిస్ ఆడినవాళ్లకు ఇది వెంటనే వచ్చేస్తుంది. తేలడమే దీని బలం, తేలడమే దీని ప్రమాదం. కొలత తప్పితే ప్రత్యర్థికి కానుకే.

అవతలివాళ్లు రిటర్న్‌నే స్లైస్ చేసి పంపితే? అలాంటి బంతి మన ప్యాడిల్‌కు తగిలాక కిందికి జారడానికి చూస్తుంది. ఎప్పటిలా కొడితే నెట్ పాలే. ప్యాడిల్ ముఖాన్ని మరికాస్త తెరిచి, ఇంకొంచెం ఎక్కువ లేపాలి. ‘ఇవాళ నా డ్రాప్ పడటం లేదేంటి’ అని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. తప్పు వాళ్ల చేతిది కాదు, వచ్చిన బంతి తిరుగుడును గమనించకపోవడమే.

రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్

అన్నా లీ వాటర్స్ 12 ఏళ్లకే ప్రొఫెషనల్ అయింది, తల్లి లీ వాటర్స్‌నే జోడీగా పెట్టుకుని ఆడింది. మహిళల పికిల్‌బాల్‌లో అగ్రస్థానానికి చేరిన ఆమె ఆటలో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ప్రధానమైన ఆయుధం. డ్రాప్‌కూ ఇది పనికొస్తుంది. రెండో చెయ్యి ఉంటే మణికట్టు అంత సులువుగా విదిలించదు, టాప్‌స్పిన్ ఇవ్వడమూ తేలిక. చెయ్యి అందనంత పక్కకు వెళ్లిన బంతికి మాత్రం ఒంటి చేతి స్లైసే దిక్కు.

బంతి బరువు 27 గ్రాములు కూడా ఉండదు

నిబంధనల ప్రకారం 22.1 నుంచి 26.5 గ్రాముల మధ్య ఉండాలి. టెన్నిస్ బంతి బరువులో ఇది సగానికంటే తక్కువ. పైగా ఒళ్లంతా చిల్లులు, 26 నుంచి 40 దాకా. ఆరుబయట ఆడేటప్పుడు గాలికి అంత తేలిగ్గా లొంగేది ఇంకేముంటుంది? వెనక నుంచి గాలి వీస్తుంటే డ్రాప్ కిచెన్ దాటిపోతుంది, ఎదురుగాలిలో నెట్ దాకా కూడా చేరదు. వేసవిలో ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి బంతి ఎక్కువ లేస్తుంది. మే నెల సాయంత్రం ఆడే డ్రాప్, డిసెంబరు పొద్దున ఆడే డ్రాప్ ఒకటి కావు.

ప్యాడిల్ మందం సంగతీ అంతే. లోపల తేనెపట్టు అల్లికలా ఉండే పొర 16 మిల్లీమీటర్లు ఉన్నవి బంతిని మెత్తగా పుచ్చుకుంటాయి, 13, 14 మిల్లీమీటర్లవి చురుగ్గా విసిరేస్తాయి. డ్రాప్ నేర్చుకునేదాకా మందమైనదే తీసుకోండి.

నడిమధ్య చిక్కుకుంటే?

మంచి డ్రాప్ వేశాం కదా అని కళ్లు మూసుకుని పరుగెత్తితే, సగం దారిలో పాదాల మీదికి బంతి వస్తుంది. డబుల్స్‌లో పాయింట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. డ్రాప్ వేశాక బంతి ఎలా పోతోందో ఒక్క క్షణం చూడాలి. కిందికి దిగుతోందా, ముందుకు కదలాలి. ఎత్తుగా పోతోందా, ఉన్నచోటే ఆగాలి. అవతలివాళ్లు కొట్టబోయే క్షణానికి మనమెక్కడున్నా సరే, రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడాలి.

అక్కడ ఆడేది ‘రీసెట్’. బంతి నేలకు తగిలి లేచీ లేవకముందే ప్యాడిల్ అడ్డుపెట్టి మెత్తగా కిచెన్‌లోకి దించడం. కొట్టడమనే మాటే ఉండదు. పట్టు బాగా సడలిస్తే వచ్చిన వేగమంతా ప్యాడిల్‌లోనే ఇంకిపోతుంది. చూడ్డానికి అందులో ఏమీ జరగనట్టే ఉంటుంది. నాకైతే పికిల్‌బాల్ మొత్తంలో ఇంతకంటే అందమైన దెబ్బ లేదు.

మూడోదే డ్రాప్ కావాలని లేదు

బలమైన ఆటగాళ్లు మూడో దెబ్బను గట్టిగా బాదుతారు. దాన్ని అవతలివాళ్లు ఆపితే తిరిగొచ్చేది తరచుగా బలహీనమైన, పొట్టి బంతి. అప్పుడు ఐదో దెబ్బగా డ్రాప్ వేస్తారు. బేస్‌లైన్ నుంచి వేయడం కంటే అది తేలిక. రిటర్న్ లోతుగా, మన కాళ్ల దగ్గర పడితే డ్రాప్. పొట్టిగా, ఎత్తుగా వస్తే బాదుడు. తొలిదశలో ఈ ఒక్క తేడా చూసుకుంటే చాలు.

ఎవరి వైపు వేయాలన్నది ఇంకో ప్రశ్న. రిటర్న్ కొట్టి ఇంకా పరుగెత్తుకు వస్తున్నవారి పాదాల ముందు వేయండి. కదులుతున్న మనిషి వంగి బంతిని లేపడం కష్టం.

సాధనకూ ఒక ఆట ఉంది

దాని పేరు ‘సెవెన్ ఇలెవెన్’. కోర్టులో సగం చాలు, ఇద్దరు చాలు. ఒకరు కిచెన్ గీత దగ్గర, ఇంకొకరు అవతలి బేస్‌లైన్ దగ్గర నిలబడతారు. వెనకున్నవారు డ్రాప్‌లు వేసుకుంటూ ముందుకు రావాలి, ముందున్నవారు రానివ్వకూడదు. ముందున్నవారు గెలవాలంటే 11 పాయింట్లు కావాలి, వెనకున్నవారికి 7 చాలు. తర్వాత చోట్లు మార్చుకుంటారు. వెనకనుంచి 7 కూడా రావడం లేదా, దూరం తగ్గించుకోండి. కిచెన్ గీత దగ్గరే నిలబడి మెత్తగా అటూ ఇటూ వేసుకోవడంతో మొదలుపెట్టి, ఐదారు బంతులు వరసగా కిచెన్‌లో పడ్డాకే ఒక అడుగు వెనక్కి వేయండి. నెట్‌కు తగిలినవాటి గురించి బాధపడండి, ఎత్తుగా పోయినవాటి గురించి అంతగా వద్దు. నెట్‌కు తగిలితే ర్యాలీ అక్కడితో సరి. ఎత్తుగా పోయినదాన్ని అవతలివాళ్లు ఒక్కోసారి బయటికి కొట్టేస్తారు.